ఆకు నుంచి మొక్క – మూడో పాఠం: వేర్లు వచ్చాయి, చిగురు ఏదీ?

ఈసారి రంగురంగుల ఆకుల రెక్స్ బిగోనియా మొక్కను ఆకు కోసి పెంచడం నేర్పుదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి పోయింది. రెండో పాఠం చదివి మీరు పంపిన ఫోటోలే కారణం. చాలావాటిలో ఒకటే కనిపించింది. సీసాలో నీళ్లు, అందులో ఒంటి మనీ ప్లాంట్ ఆకు, తొడిమ అడుగున తెల్లటి వేర్లు. తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒకావిడ, "వేర్లు జానెడు పెరిగాయి సార్, కొత్త ఆకు మాత్రం రాలేదు. ఎరువేమైనా వేయాలా?" అని అడిగారు.

ఎరువు వద్దమ్మా. ఆ ఆకు నుంచి మొక్క రాదు. ఏడాది ఉంచినా రాదు.

రెండో పాఠంలో ఒక్క ఆకుతో మొక్క వస్తుందని నేను చెప్పింది రణపాల, స్నేక్ ప్లాంట్, జెడ్ జెడ్ ప్లాంట్ గురించే. మనీ ప్లాంట్ ఆకు ఒక్కదాన్నే నీళ్లలో పెట్టే పద్ధతి వీడియోల్లో తిరుగుతోంది. చూసినవాళ్లు వేర్లు రాగానే సంబరపడిపోతారు, ఆ తర్వాత నెలల తరబడి నీళ్లు మారుస్తూ కూర్చుంటారు. మంచి ఆకు, మంచి ఓపిక రెండూ వృథా. నాకు బాధగా ఉండేది అదే.

మొక్క కావాలంటే వేరు, చిగురు రెండూ పుట్టాలి. వేరు వేయడం చాలా ఆకులకు వచ్చు. లేని చిగురును కొత్తగా పుట్టించుకోవడం కొన్నిటికే వచ్చు. రణపాల ఆకు అంచున ఉన్న నొక్కుల్లో పిల్లమొక్కల మూలం ముందే ఉంటుంది, తడి తగిలితే లేస్తుంది. స్నేక్ ప్లాంట్ ముక్క అడుగున ముందు వేర్లు వస్తాయి, తర్వాత మట్టిలోనే ఒక లావాటి దుంపకాడ పెరిగి, దాని కొసన పిలక పొడుస్తుంది. జెడ్ జెడ్ ఆకు అడుగున చిన్న ఉర్లగడ్డ లాంటి దుంప కడుతుంది. చిగురు రావడానికి ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. మనీ ప్లాంట్ ఆకు వేర్ల దగ్గరే ఆగిపోతుంది. రబ్బరు మొక్క ఆకు కూడా అంతే, వేర్లతో పచ్చగా బతుకుతుంది గానీ పెరగదు.

మరి మనీ ప్లాంట్ ఎలా? తీగను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. ఆకు తొడిమ తీగకు అతుక్కున్న చోట చుట్టూ సన్నటి గీత ఉంటుంది. అదే కణుపు. అక్కడే ఒక పక్క గోధుమరంగు బుడిపె తగులుతుంది. చాలామంది దాన్నే మొగ్గ అనుకుంటారు. కాదు, అది వేరు. చిగురు మొగ్గ తొడిమకీ తీగకీ మధ్య సందులో అణిగి ఉంటుంది, చాలాసార్లు కంటికి సరిగా ఆనదు కూడా. అందుకే మొగ్గను వెతికి కోయకండి. కణుపుకు పైన ఒక సెంటీమీటరు, కింద రెండు సెంటీమీటర్ల తీగ వదిలి కోయండి. ఆకు, కణుపు, కాస్త తీగ మూడూ కలిసి రావాలి. తొడిమ మాత్రమే చేతికొచ్చిందంటే ఆ ఆకును పూజ గదిలో సీసాలో అందానికి పెట్టుకోండి, మొక్క మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక కుళ్లిన స్నేక్ ప్లాంట్ ముక్కల సంగతి. చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఒకాయన పంపిన ముక్కల అడుగు మెత్తబడి పసుపుపచ్చగా ఉంది. కోసిన రోజే నాటి, రోజూ నీళ్లు పోశారట. కోసిన చోటు నీడలో రెండు మూడు రోజులు ఆరి గట్టిపడాలి. పసుపు పూస్తే నష్టం లేదు, కానీ పసుపు పూశామని ఆరబెట్టడం మానకూడదు. వట్టి కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో నాటడం నాకిష్టం లేదు, తడి పట్టుకుని వదలదు. ఇల్లు కట్టేచోట దొరికే ముతక ఇసుక కడిగి రెండు పాళ్లు, కోకోపీట్ ఒక పాలు కలిపితే చాలు. వేర్లు త్వరగా రావడానికని అమ్మే పొడి కొనక్కర్లేదు. వేలు పెట్టి చూసి లోపల పొడిగా ఉంటేనే నీళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతి, చిత్తూరు వైపు మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి కాబట్టి ఆ రోజుల్లో కుండీని జల్లు తగలని చోటికి మార్చండి.

పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలుగా నాటితే పిలకలు మామూలు పచ్చవే వస్తాయి. ఆ అంచు కావాలంటే దుంపతో సహా పిలకను విడదీయాల్సిందే.

శ్రావణం వచ్చేసింది, ఎండ తగ్గింది, మొదలుపెట్టడానికి మంచి సమయం. అభ్యాసం ఇది. ఒక పొడవాటి స్నేక్ ప్లాంట్ ఆకును నాలుగు వేళ్ల వెడల్పు ముక్కలుగా అడ్డంగా కోయండి. ఏది కింది వైపో గుర్తుండేలా కోసేటప్పుడే ప్రతి ముక్క కింది అంచున వి ఆకారంలో చిన్న గాటు పెట్టండి. తలకిందులుగా నాటితే వేరు రాదు. నమ్మకం కుదరకపోతే ఒక ముక్కను కావాలనే తలకిందులుగా నాటి చూడండి. పక్కనే ఒక సీసాలో కణుపున్న మనీ ప్లాంట్ ముక్క, కణుపు లేని ఆకు రెండూ పెట్టండి. సీసా మీద తేదీ రాయండి. దసరా దాకా ఏ ముక్కనూ పీకి చూడకూడదు. వేరు వచ్చిందా అని రోజూ పీకితే సన్నటి వేర్లు తెగిపోతాయి.

బిగోనియా పాఠానికి కొత్త బ్లేడు ఒకటి, మూత ఉన్న పారదర్శకమైన స్వీట్ డబ్బా ఒకటి సిద్ధం చేసుకోండి. ఆకు మాత్రం ముందే కోసి పెట్టొద్దు, వాడిపోతుంది.