మలేరియా వచ్చిన పిల్లల రిపోర్టులో ఐరన్ అంకెలు ఎందుకు పొసగవు?

మల్కన్‌గిరి, మోటు, గుణుపురం వంటి ఒడిశా ఊళ్ల వైపు ఉండే తెలుగు కుటుంబాలకు వానలు మొదలైతే చలిజ్వరం భయం తప్పదు. జ్వరం తగ్గాక పిల్లలు పాలిపోయి కనిపిస్తారు. ఐరన్ టెస్టులు చేయిస్తే ఒక అంకె ఉందంటుంది, ఇంకోటి లేదంటుంది. ఆ కాగితం పట్టుకుని టెన్షన్ పడే అమ్మానాన్నల కోసం, అంగన్‌వాడీ అక్కల కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: హిమోగ్లోబిన్ 8, ఫెరిటిన్ మాత్రం నార్మల్

కారణం: ఫెరిటిన్ ఒంట్లో ఐరన్‌ను నిల్వ ఉంచే ప్రోటీన్. మామూలు రోజుల్లో అది తగ్గిందంటే నిల్వలు తగ్గినట్టే. కానీ మలేరియా వంటి ఇన్ఫెక్షన్ వస్తే, నిల్వలు ఎలా ఉన్నా ఫెరిటిన్ పెరుగుతుంది. కాబట్టి నిజంగా ఐరన్ లేని బిడ్డ రిపోర్టు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

పరిష్కారం: అదే రక్తంతో సీఆర్పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్ లాంటిది ఉంటే పెరిగే ప్రోటీన్) టెస్టు కూడా చేయించండి. అది లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఫెరిటిన్‌ను మామూలు లెక్కతో చూడకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు మామూలుగా లీటరుకు 12 మైక్రోగ్రాముల లోపుంటే ఐరన్ లోపం. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ గీత 30. ఐదేళ్లు దాటితే 15, ఇన్ఫెక్షన్‌లో 70. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు. అంటే మలేరియాతో ఉన్న నాలుగేళ్ల పాపకు ఫెరిటిన్ 25 వస్తే, ల్యాబ్ కాగితం నార్మల్ అన్నా ఐరన్ లోపం ఉన్నట్టే అనుకోవాలి.

సమస్య: ఫెరిటిన్ ఎక్కువ, సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్) తక్కువ

కారణం: మలేరియాలో లివరు హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువ చేస్తుంది. అది ఐరన్‌ను కణాల్లోనే ఆపేస్తుంది, పేగుల నుంచీ రక్తంలోకి రానివ్వదు. బీరువాలో డబ్బుండి తాళంచెవి లేనట్టు. ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ టెస్టు (కణాలకు ఐరన్ ఎంత అవసరమో చూపేది) కూడా ఇప్పుడు నమ్మదగ్గది కాదు: మలేరియాలో పగిలిన ఎర్ర రక్తకణాల స్థానంలో ఎముక మజ్జ కొత్తవి చేస్తుంటే, ఐరన్ ఉన్నా అది పెరుగుతుంది.

పరిష్కారం: మలేరియా మందు కోర్సు పూర్తిచేయించి, కొన్ని వారాలాగి, సీఆర్పీ తగ్గాక మళ్లీ చూడండి. జ్వరంలో తీసిన ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పేయకండి.

సమస్య: సిరప్ పట్టిస్తున్నా రక్తం పెరగడం లేదు

జ్వరం కనిపించకుండానే ఒంట్లో మలేరియా ఉండొచ్చు. అప్పుడు హెప్సిడిన్ ఐరన్‌ను పేగుల్లోనే అడ్డుకుంటుంది. ఆశా అక్క దగ్గర మలేరియా కిట్ టెస్టు చేయించండి. ఈమధ్యే మందు వాడి ఉంటే, నయమైనా కిట్ కొన్ని వారాలు పాజిటివ్ చూపొచ్చు. అప్పుడు రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే స్లైడ్ పరీక్షే మేలు. నులిపురుగులు, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) ఉన్నాయేమో కూడా చూపించాలి.

భయం: ఐరన్ ఇస్తే మలేరియా ముదురుతుందా?

ఇది వట్టి పుకారు కాదు. జాంజిబార్‌లోని పెంబా దీవిలో లోపం ఉందో లేదో చూడకుండా చిన్నపిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూసిన అధ్యయనం 2006లో వచ్చింది. అందులో తీవ్ర జబ్బులు, మరణాలు పెరిగాయి. అలాగని ఐరన్ మానేయడం తప్పు. దోమతెర, పరీక్ష, మందు అందుబాటులో ఉన్నచోట ఐరన్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. అంగన్‌వాడీ సిరప్‌ను జ్వరం రోజుల్లో ఆపి, తగ్గాక మొదలుపెట్టండి. చికిత్స మోతాదు డాక్టరే చెప్పాలి.

బిడ్డకు ఆయాసం, ఫిట్స్, నల్లటి మూత్రం, లేవలేని నీరసం ఉంటే ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.