పాలీ బుష్ వెయ్యాలా, రబ్బరే వెయ్యాలా? మన ఘాట్ రోడ్ల బళ్ళకి ఏది ఎక్కడ

రాయగడ, కోరాపుట్, జయపురం వైపు బండి ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ డౌట్ వచ్చి తీరుతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి చేరేసరికి ముందు చక్రం దగ్గర టక్ టక్ అని మొదలవుతుంది, మిస్త్రీకి చూపిస్తే "లోయర్ ఆర్మ్ బుష్‌లు ఎల్లిపోయాయి బాబూ" అంటాడు (లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింద నుంచి బండికి పట్టే చెయ్యి, బుష్ అంటే ఆ రెండూ కలిసే చోట దెబ్బ తీసుకునే గుల్ల), పక్కనున్న కుర్రాడు ఫోన్‌లో వీడియో పెట్టి రబ్బర్ ఎందుకండీ పాలీ వేయించేసుకోండి, ఇంక జన్మలో మార్చక్కర్లేదు అంటాడు. పాలీ అంటే పాలీయూరిథేన్, రబ్బర్ లాంటిదే గానీ ఇంకా గట్టి ప్లాస్టిక్. మనకి ఏటి చెయ్యాలో తోచదు.

నా మాట ముందే చెప్పేస్తా, కారణాలు తర్వాత. రోజూ ఇంటివాళ్ళని ఎక్కించుకుని తిరిగే కారుకి కంపెనీ రబ్బరే వెయ్యండి. పాలీ మీద మనసుంటే స్టెబిలైజర్ రాడ్‌కి (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే రాడ్) ఉండే డి ఆకారం బుష్‌లకి వేసుకోండి, బొలెరో లాంటి బండైతే వెనక కమాన్ కట్టల బుష్‌లకి వేసుకోండి, అక్కడ పాలీ బాగుంటుంది. బండి మొత్తానికి ఏది మంచిది అని అడిగితే జవాబు దొరకదు, ఒక్కో జాయింట్ ఎలా కదులుతుందో చూసి దాన్ని బట్టి వెయ్యాలి.

అయితే అసలు పోయింది బుష్షేనా అన్నది ముందు తేలాలి. లింక్ రాడ్, బాల్ జాయింట్, స్ట్రట్ పైన మౌంట్, ఇవన్నీ దాదాపు ఒకేలాంటి సౌండ్ చేస్తాయి, చాలామంది బుష్‌లు మార్పించుకుని డబ్బులు కట్టి ఇంటికెళ్ళేలోపు మళ్ళీ అదే టక్ టక్ విని తిట్టుకుంటారు. బుష్ పోతే మామూలుగా మూడు కనిపిస్తాయి: స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు డుబ్ మని మొద్దు సౌండు, ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగడం (ఇది బ్రేక్ ప్యాడ్లని నొక్కే కాలిపర్ పట్టేసినా అవుతుంది, అదీ చూసుకోండి), ముందు టైర్లు లోపలి అంచు మాత్రమే అరిగిపోవడం. బండిని స్టాండుల మీద పెట్టండి, ఒట్టి జాకీ మీద వదిలేసి కిందకి దూరొద్దు, తర్వాత పొడవాటి లీవర్ తీసుకుని ఆర్మ్‌కీ, అది బిగించి ఉండే కింది చట్రం సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య పెట్టి మెల్లగా తొయ్యండి. రబ్బర్ కాస్త సాగి వెనక్కి రావడం దాని గుణమే, అది చూసి కంగారు పడక్కర్లేదు. లోపలి ఇనప గొట్టం రబ్బర్ నుంచి విడిపోయి దాని దారిన అది కదులుతోందా, లీవర్ తీసినప్పుడు ఆర్మ్ ఠక్కున కొట్టుకుంటోందా, అది చూడాలి. టార్చ్ వేసి చూస్తే పైపైన సన్నటి బీటలు, బూడిద రంగు తేలిన పాత రబ్బర్ కనిపిస్తుంది, అది వయసు, దానికి పర్లేదు. అదే ఇనుముకీ రబ్బర్‌కీ అతుకు దగ్గర నల్లగా తాజాగా మెరిసే చీలిక ఉండి, దాంట్లో గోరు దిగిపోతుంటే మార్చాల్సిందే.

ఇప్పుడు రబ్బర్, పాలీ ఎక్కడ తేడా అన్నది. అందరూ గట్టిదనం గురించే మాట్లాడతారు, షోర్ ఎ స్కేల్ (గట్టిదనం కొలిచే లెక్క, అంకె పెరిగేకొద్దీ గట్టి) మీద రబ్బర్ బుష్‌లు సుమారు 50 నుంచి 70, పాలీయూరిథేన్ 70 నుంచి 95 దాకా ఉంటాయి, నిజమే గానీ అసలు తేడా పనిచేసే పద్ధతిలో ఉంది. రబ్బర్ బుష్‌లో రబ్బర్‌ని లోపలి గొట్టానికీ బయట గొట్టానికీ వల్కనైజ్ చేసి అతికించేస్తారు. ఆర్మ్ పైకీ కిందకీ ఊగినప్పుడు అందులో ఏదీ జారదు, రబ్బర్ తనలో తానే మెలి తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు, సౌండూ రాదు. పాలీ అతుక్కుని ఉండదు, లోపలి గొట్టం దాంట్లో తిరగాలి, అంటే అదొక బేరింగ్ లెక్క, అందుకే గ్రీజు కావాలి, గ్రీజు ఎండితే కీచుమంటుంది.

ఇంకొకటి, కంపెనీ లోయర్ ఆర్మ్ వెనక బుష్ తీసి చూడండి, చాలా కార్లకి రబ్బర్‌లో కావాలని వదిలిన ఖాళీలు ఉంటాయి. పాడైపోయింది కాబోలు అనుకుంటారు కొంతమంది. గోతిలో పడ్డప్పుడు చక్రం కొంచెం వెనక్కి జరిగి దెబ్బ తీసుకోవాలి, అదే మలుపులో మాత్రం పక్కకి జరగకూడదు, అందుకని ఒక దిక్కు మెత్తగా ఒక దిక్కు గట్టిగా చేస్తారు. పాలీ బుష్ చాలా వరకు నిండుగా ఉంటుంది, అన్ని దిక్కులా గట్టి. సుంకి ఘాట్ హెయిర్‌పిన్‌లలో స్టీరింగ్ తిప్పగానే బండి మాట విన్నట్టు ఉంటుంది, ఆ సుఖం కాదనను, కానీ మలుపు అయ్యాక వచ్చే గోతి దెబ్బ కూడా నేరుగా సబ్‌ఫ్రేమ్‌కీ, సీటుకీ, మన నడుముకీ వచ్చేస్తుంది. బాక్సైట్ లారీలు తిరిగి తిరిగి చెక్కేసిన రోడ్ల మీద మన కార్లు మలుపుల్లో కంటే గోతుల్లోనే ఎక్కువసేపు ఉంటాయి కదా.

పాలీ వేశాక బండి మారిపోయిందండీ అని చెప్పేవాళ్ళని నమ్మొద్దు అనట్లేదు, కానీ వాళ్ళు కొత్త పాలీని దేనితో పోలుస్తున్నారు, చిరిగిపోయిన పాత రబ్బర్‌తో. కొత్త కంపెనీ రబ్బర్ వేసి ఉంటే ఆ మార్పులో చాలా భాగం దానితోనే వచ్చేసేది, డబ్బులు కూడా మిగిలేవి, ఎందుకంటే మంచి ఇంపోర్టెడ్ పాలీ కిట్ రబ్బర్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ పడుతుంది.

జాయింట్ చూసుకోవడానికి నేను అడిగేది ఒకటే ప్రశ్న: ఇది ఒకే బోల్టు చుట్టూ తిరుగుతుందా, లేక అటూ ఇటూ మెలికలు కూడా తిరగాలా? స్టెబిలైజర్ రాడ్ డి బుష్‌లో రాడ్ ఊరికే తిరుగుతుంది, పాలీ హాయిగా పనిచేస్తుంది, విప్పడం కూడా తేలిక, రెండు బోల్టులు తీస్తే క్లాంప్ వచ్చేస్తుంది, నచ్చకపోతే మళ్ళీ రబ్బర్ వేసుకోవచ్చు. కమాన్ కట్టల చివర బుష్, షాకిల్ (కట్ట చివరని చట్రానికి పట్టే లింకు) బుష్ కూడా దాదాపు అంతే, పైగా వారపు సంతకి సరుకు వేసుకుని తిరిగే బొలెరోలకి అక్కడ రబ్బర్ తొందరగా నలిగిపోతుంది కాబట్టి పాలీకి న్యాయం ఉంది. స్విఫ్ట్ లాంటి కారు వెనక టోర్షన్ బీమ్‌ని (రెండు వెనక చక్రాల్నీ కలిపే దూలం) బాడీకి పట్టే రెండు పెద్ద బుష్‌లు మాత్రం ముట్టుకోవద్దు, ఒక చక్రం పైకి లేచి ఇంకోటి కిందకి దిగితే ఆ బుష్ అన్ని దిక్కులా వంకర తిరగాలి, గట్టి పాలీ పెడితే బిగుసుకుపోతుంది, ఆ బలం బ్రాకెట్ మీద పడుతుంది. ఇన్నోవా వెనక లింకులూ అంతే, అక్కడ రబ్బర్ సాగడమే దాని పని. ఇంజన్ మౌంట్‌కి పాలీ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, రెడ్ సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డ్ అంతా గజగజ వణుకుతుంది.

మన వాతావరణం సంగతి కూడా ఉంది. పాలీయూరిథేన్‌లో రెండు రకాలు, పాలియెస్టర్ బేస్, పాలియీథర్ బేస్. మొదటిది వేడీ తడీ కలిస్తే కాలక్రమంలో విరిగి పెళుసు అయిపోతుంది, రెండోది నీళ్ళకి బాగా ఆగుతుంది. కోరాపుట్ వానల సంగతి మీకు నేను చెప్పాలా. కొనేముందు ఏ బేసో అడగండి, చెప్పలేని షాపులో కొనకండి. పవర్‌ఫ్లెక్స్, సూపర్‌ప్రో లాంటి కంపెనీలు ఏ బండికి, ఏ జాయింట్‌కి, ఎంత గట్టిదో రాసి ఇస్తాయి, కౌంటర్ మీద పేరు ఊరు లేకుండా ఎర్రగా పచ్చగా మెరిసే ప్యాకెట్లు వేరే. రంగు చూసి గట్టిదనం చెప్పలేం, ఏ కంపెనీ రంగు లెక్క ఆ కంపెనీదే.

రబ్బర్‌కి అసలైన శత్రువు మాత్రం నీళ్ళు కాదు, సర్వీసింగ్ సెంటరే. వాటర్ వాష్ అయ్యాక తుప్పు పట్టకుండా అని డీజిల్‌లో పాత ఇంజన్ ఆయిల్ కలిపి కిందంతా స్ప్రే కొడతారు చూడండి, బండి నల్లగా నిగనిగలాడుతుంది, ఓనర్ సంతోషపడతాడు, రబ్బర్ మాత్రం ఆ నూనె తాగి ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. ఆ స్ప్రే వద్దని గట్టిగా చెప్పండి, ఊరుకోకపోతే దగ్గర నిలబడండి. ఇంజన్ ఆయిల్ లీక్ అయి ఆర్మ్ మీద పడుతుంటే ముందు ఆ లీక్ ఆపించండి, లేదంటే కొత్త బుష్ కూడా అదే దారి. నూనెకి పాలీ చాలా మెరుగు, ఇది ఒప్పుకోవాలి.

ఇక బిగించడం. ఏ బుష్ కొన్నారన్నదాని కంటే ఎలా బిగించారన్నదే ఎక్కువ తేల్చేస్తుంది. జాకీ ఎత్తకముందే, బండి సమానంగా ఉన్నచోట, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిచి రాసుకోండి. రబ్బర్ బుష్ వేశాక మధ్య బోల్టు చేత్తో తిప్పి వదిలెయ్యాలి, చక్రం గాల్లో వేలాడుతుండగా గన్ పెట్టి బిగించేస్తే రబ్బర్ ఆ వేలాడే పొజిషన్‌లో పట్టేసుకుంటుంది, బండి కిందకి దించగానే అది మెలి తిరిగిపోయే ఉంటుంది, రోజంతా అలాగే, ఇంక ఎన్నాళ్ళు బతుకుతుంది. "కొత్త బుష్ కూడా ఏడాదికే పోయింది, పార్ట్ డూప్లికేట్" అనేవాటిలో చాలా వాటి కథ ఇదే. ఆర్మ్ కింద జాకీ పెట్టి, మీరు రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన లెక్కకి బిగించాలి. మిస్త్రీకి తొందరగా ఉంటుంది, మీరు పక్కనుండి చెప్పాలి.

పాత బుష్‌ని తియ్యడానికి గ్యాస్ పెట్టి కాల్చేవాళ్ళు ఉన్నారు, వద్దు. ఆ పొగ మంచిది కాదు, ఆర్మ్ అల్యూమినియందైతే ఆ వేడికి బలం పోతుంది. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బయట గొట్టం సొట్ట పోతుంది. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపుకి ఆర్మ్ పట్టుకెళ్ళండి. పాతది తియ్యకముందే అది ఏ వైపు తిరిగి ఉందో, ఖాళీలు ఎటు ఉన్నాయో ఆర్మ్ మీద పెయింట్‌తో గీత పెట్టుకోండి, కొత్తది అదే గీతకి రావాలి. కొన్ని కార్లకి బుష్ విడిగా అమ్మరు, ఆర్మ్ మొత్తం కొనాలి, అప్పుడు బాల్ జాయింట్ కూడా కొత్తదే వస్తుంది కాబట్టి లెక్క వేసి చూస్తే అంత నష్టం కాదు. ఒక పక్క పోయినా రెండు పక్కలా మార్చండి.

పాలీ అయితే కిట్‌లో వచ్చిన గ్రీజే రాయండి, గొట్టానికీ బుష్‌కీ రెండు ముఖాలకీ పూర్తిగా. లోపలి ఇనప గొట్టం పాలీ కంటే ఒక వెంట్రుక పొడవుండాలి, బోల్టు బిగిస్తే ఇనుము ఇనుమునే పట్టుకోవాలి, పాలీ నలగకూడదు. బయట పాత ఇనప రింగు ఉంచాలా తీసెయ్యాలా అన్నది కిట్ కాగితంలో ఉంటుంది, చదవకుండా మొదలుపెట్టొద్దు.

పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే లెక్క) కొంచెం తేడా ఉన్నా కొత్త టైర్లు కూడా లోపలి అంచు అరిగిపోతాయి, అప్పుడు మళ్ళీ బుష్‌నే తిడతాం. కొన్నాళ్ళు తిరిగాక బోల్టులు ఒకసారి చూపించుకోండి. పాలీ వేసినవాళ్ళు వానలు తగ్గాక విప్పి కడిగి మళ్ళీ గ్రీజు పెట్టించుకోవాలి, ఎర్రమట్టి దూరిన పాత గ్రీజు గొట్టాన్ని గీకేస్తుంది. సెప్టెంబర్ 17 విశ్వకర్మ పూజ చుట్టుపక్కల మిస్త్రీలు దొరకరు, అది చూసుకుని డేట్ పెట్టుకోండి.