కుత్యా గోధుమలకి ఫ్లాస్కు చిట్కా
మా వారిది కెనడాలో స్థిరపడిన ఉక్రెయిన్ కుటుంబం. క్రిస్మస్ ముందు రాత్రి తొలి చుక్క పొడిచాక, పన్నెండుగురు అపొస్తలుల పేరిట మాంసం లేని 12 వంటకాలు, అందులో మొదటి ముద్ద కుత్యా, అంటే ఉడికించిన గోధుమల్లో గసగసాలు, తేనె కలిపిన తీపి వంటకం. ఆ గోధుమలు ఉడికేసరికి ఇంటిల్లిపాది వంట మధ్యలో ఓ పొయ్యి గంటన్నర పైనే ఇరుక్కుపోతుంది.

ముందు రాత్రే కప్పు ముడి గోధుమలు కడిగి, మూడు కప్పుల నీళ్ళలో 5 నిమిషాలు తెర్లించి, వేడినీళ్ళతో తొలిపిన లీటరు ఫ్లాస్కులో పోసి మూత బిగించండి. పొద్దున్నకి గింజ చితకకుండా మెత్తబడుతుంది (నోట్లో వేసుకునేదాకా మా అత్తగారు నమ్మలేదు). వార్చి, చల్లారాక, నానబెట్టి నూరిన అరకప్పు గసగసాలు, మూడు చెంచాల తేనె కలపండి.

వేడి నిలవని పాత ఫ్లాస్కయితే మాత్రం వద్దు, గింజ గట్టిగానే ఉండి పులిసిన వాసన కొడుతుంది.