కడుపునొప్పికి తైలం పట్టించే ముందు ఇది చదవండి

వాయుగుండం వార్త వచ్చిందంటే తిరుపతిలో ఇంటింటా నీలగిరి తైలం సీసా బయటికొస్తుంది. మొన్న తిరుచానూరు వైపు ఒకింట్లో మూడేళ్ల పాపకు కడుపునొప్పని అదే తైలం చెంచాతో పట్టించారట, కాసేపటికే ఫిట్స్. పాప బతికింది, అదృష్టం. నీళ్లు కాచి తాగండి, చేతులు కడుక్కోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

నేను చూసినంతలో కొంప ముంచేది ఒక్కటే, కషాయం తాగినట్టు తైలం తాగడం.

వాములో తైలం 2 నుంచి 4 శాతమే ఉంటుంది. ఒక టీస్పూను తైలం మింగారంటే వంద గ్రాములకు పైగా వాము ఒక్క గుక్కలో దించినట్టు. అవ్వ నమలమన్నది చిటికెడు వాము కదా!

తైలం పనిచెయ్యదని కాదు, గట్టిగా పనిచేస్తుంది కాబట్టే ఈ గోల. పేగు గోడలోని కండరం ముడుచుకోవాలంటే దాని కణాల్లోకి కాల్షియం పోవాలి. పుదీనా తైలంలోని మెంథాల్ ఆ దారికి అడ్డుపడుతుంది, కండరం వదులవుతుంది, మెలిపెట్టే నొప్పి తగ్గుతుంది. ఐబీఎస్ (తరచూ కడుపు మెలిపెట్టే పేగుల సమస్య) ఉన్నవాళ్లకు డాక్టర్లు పుదీనా తైలం క్యాప్సూల్ రాసేది అందుకే, కానీ దాని పైపూత పేగుల్లోకి వెళ్లాకే కరిగేలా చేస్తారు. మీరు దాన్ని నమిలినా, యాంటాసిడ్‌తో కలిపి వేసుకున్నా తైలం పేగుల దాకా పోకుండా పైనే విడుదలైపోతుంది, అన్నవాహిక చివర బిగుతుగా ఉండాల్సిన కండరం కూడా వదులై గుండెమంట మొదలవుతుంది. సీసాలోంచి నేరుగా తాగేవాళ్లకు ఆ పూత కూడా లేదు.

"లడ్డూలో పచ్చకర్పూరం వేస్తారుగా, ఏమైంది" అంటారు కొందరు. అక్కడ పడేది వాసనకు సరిపడా మాత్రమే. ఒక్క గ్రాము కర్పూరం పసిబిడ్డ ప్రాణం తీసిన సందర్భాలున్నాయి. కడుపునొప్పికి చుక్కలుగా వాడే అమృతధారలో పుదీనా పువ్వు (మెంథాల్), వాము పువ్వు (థైమాల్)తో పాటు కర్పూరం కూడా ఉంటుంది, మర్చిపోకండి.

తైలం తాగొద్దు, పిల్లలకు అసలే పట్టించొద్దు. రెండేళ్లలోపు బిడ్డ ముక్కు దగ్గర మెంథాల్ పూయొద్దు, గొంతు బిగుసుకుపోతుంది. సీసా దగ్గుమందు పక్కన పెట్టొద్దు, అటక మీద పెట్టండి. గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు. వింటర్‌గ్రీన్ తైలం ఒక టీస్పూనంటే 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు ఇరవై మింగినంత, కీళ్లకు రాసుకునే సీసా పిల్లలకు అందనివ్వద్దు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం, వాంతులు ఉంటే తైలంతో సర్దుకుందని తెల్లారేదాకా ఆగొద్దు, అపెండిక్స్ కావచ్చు. పిల్లాడు తైలం మింగేస్తే వేలు పెట్టి కక్కించొద్దు, తైలం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్లు వద్దు, పాలు వద్దు. బాగానే ఉన్నాడుగా అని ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చెయ్యండి, లేదా తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తండి, సీసా కూడా తీసుకెళ్లండి, ఎంత తాగాడో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.