బరువు తగ్గించే క్యాప్సూల్లో చెప్పని మందు కలిసిందేమో కనిపెట్టడం ఎలా?

క్యాప్సూల్ మొదలుపెట్టిన రోజే ఆకలి చచ్చిపోయింది, నోరు ఎండిపోతోంది, రాత్రి నిద్ర లేదు. ‘భలే పని చేస్తోందే’ అనిపించేదీ, అనుమానం రావాల్సిందీ ఇక్కడే. గ్రీన్ టీ సారమైనా, మలబార్ చింత సారమైనా, మెంతులైనా ఒక్క రోజులో ఇంత పని చేయవు.

చేసేది సిబుట్రమిన్. ఒకప్పుడు డాక్టర్ చీటీ మీద రోజుకు 5 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా ఇచ్చిన మందే ఇది. మెదడులో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాల మోతాదు నిలబెట్టి కడుపు నిండిన భావన కలిగిస్తుంది. దాంతోపాటే బీపీ, గుండె వేగం పెరుగుతాయి. గుండెజబ్బు ముప్పున్న సుమారు 10 వేల మందిపై జరిపిన పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువైనట్టు తేలడంతో 2010లో యూరప్, అమెరికా మార్కెట్ల నుంచి దాన్ని తీసేశారు. 2011లో మన దేశం నిషేధించింది. మందుల షాపులోంచి పోయింది కానీ ‘మూలికల’ డబ్బాలోకి దూరింది. 2007–2016 మధ్య అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కల్తీవని గుర్తించిన బరువు తగ్గించే సప్లిమెంట్లు 317. వాటిలో 269 సిబుట్రమిన్ కలిసినవే.

1. లేబుల్ చదవండి, కానీ పూర్తిగా నమ్మకండి

సిబుట్రమిన్ పేరు డబ్బా మీద ఎక్కడా ఉండదు. ఒంటిని ఉత్తేజపరిచే కొన్ని రసాయనాలు మాత్రం మొక్కల పేర్ల చాటున కనిపిస్తాయి. ‘జెరేనియం సారం’ అని ఉంటే అది డీఎంఏఏ అనే ఉత్తేజక రసాయనం కావచ్చు. ‘మా హువాంగ్’ అంటే ఎఫెడ్రా అనే ఉత్తేజక మూలిక. దీన్ని సప్లిమెంట్లలో వాడకుండా అమెరికా 2004లోనే నిషేధించింది. ‘అకేషియా రిజిడ్యులా’ అని రాసుకున్న 21 ఉత్పత్తుల్ని ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే 9 ఉత్పత్తుల్లో బీఎంపీఈఏ అనే ఆంఫెటమిన్ జాతి ఉత్తేజక రసాయనం దొరికింది. అసలు మొక్కలో అది లేనే లేదు. ‘ప్రొప్రయిటరీ బ్లెండ్ (కంపెనీ సొంత మిశ్రమం) 850 మి.గ్రా.’ లాంటి లెక్క కూడా మొత్తం బరువునే చెబుతుంది, అందులో ఏది ఎంతో చెప్పదు. గ్వారానా అనే గింజల సారం ఉంటే దాన్ని కెఫీన్‌గానే లెక్కేయండి.

2. లైసెన్స్ నంబర్ సరిచూడండి

మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబర్‌లో 14 అంకెలుంటాయి. దాన్ని ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్కాస్ (FoSCoS)లో కొట్టి, వచ్చిన కంపెనీ పేరు, చిరునామా డబ్బా మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా చూడండి. వేరే కంపెనీ నంబర్ అచ్చేసుకోవడం తేలిక కాబట్టి నంబర్ ఉన్నంత మాత్రాన సరిపోదు. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, లైసెన్స్ కూడా ఉండాలి. ఆయుర్వేద ఔషధానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ బదులు ఔషధ తయారీ లైసెన్స్ నంబర్ ఉంటుంది. వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని, తెల్ల డబ్బాలో కొరియర్ చేసే సరుకుకు ఈ రెండూ ఉండవు. దాన్ని ఇంకా పరీక్షించాల్సిన పనే లేదు, పక్కన పెట్టేయండి.

అన్నీ సరిపోయినా మీ చేతిలోని బ్యాచ్‌ను ఎవరో పరీక్షించారని కాదు. సప్లిమెంట్లను పరీక్షించే బయటి సంస్థల ముద్రలు, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్, ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటివి, ఆ లోటు కొంత తీరుస్తాయి, ముద్ర నిజమైతేనే. ఆ సంస్థల సైట్‌లోనే ఉత్పత్తి పేరు, బ్యాచ్ నంబర్ వెతకండి.

3. ఇప్పటికే వాడుతున్నారా? ఆపి, నాడి కొలవండి

ఉందో లేదో తేల్చుకుందామని ఇంకొకటి వేసుకోకండి. ఒక్కో క్యాప్సూల్లో కలిపిన మందు ఒక్కోలా ఉండొచ్చు. పొద్దున్నే లేవగానే, కాఫీకి ముందు, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. బొటనవేలితో చూడొద్దు, దాని నాడే దానికి తగులుతుంది. బీపీ మిషన్ ఉంటే నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. నాడి 100 దాటినా, బీపీ 140/90 దాటినా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి.

ఆపాక కొద్దిరోజులు మగతగా, విపరీతమైన ఆకలిగా ఉండొచ్చు. ‘అది వేసుకున్నప్పుడే బాగుంది’ అని మళ్లీ డబ్బా తెరిచేది ఈ రోజుల్లోనే.

4. డాక్టర్‌తో దాచకండి

‘మందులేమైనా వాడుతున్నారా?’ అంటే ‘లేదండీ’ అనేస్తాం. మూలికల్ని మందుల్లో లెక్కేయం కదా. డబ్బా తీసుకెళ్లి చూపించండి. ముఖ్యంగా డిప్రెషన్‌కో మైగ్రేన్‌కో మందులు వాడేవాళ్లు. వాటిలో కొన్నిటితో సిబుట్రమిన్ కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, చెమటలు, జ్వరం, కంగారు మొదలై ప్రాణం మీదకు రావచ్చు.

పోటీల్లో ఆడేవాళ్లకు ఇంకో చిక్కుంది. సిబుట్రమిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉంది. లేబుల్ మీద లేదు కాబట్టి తెలియదన్నంత మాత్రాన డోపింగ్ కేసు పోదు.

5. మిగిలిన క్యాప్సూల్స్ పారేయకండి

వాటిని అసలు డబ్బాలోనే ఉంచండి. బ్యాచ్ నంబర్, కొరియర్ కవరు, డబ్బు చెల్లించిన స్క్రీన్‌షాట్ దాచండి. ఎప్పుడు మొదలుపెట్టారు, రోజుకెన్ని, లక్షణాలు ఏ రోజు వచ్చాయి అన్నది ఒక కాగితం మీద రాయండి. దుష్ప్రభావాలను ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024కి, కల్తీ అనుమానాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి తెలపండి.