పార్కులో డ్రోన్ ఎగరేసే ముందు: కింద ఉన్న మనుషుల కోసం కొన్ని జాగ్రత్తలు

సెలవులు మొదలవగానే పార్కులు నిండిపోతాయి. కొత్తగా కొన్న డ్రోన్లు పెట్టెలోంచి బయటికొచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. ఎగరేసేవాళ్లు ప్రతి క్షణం తమను తాము అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. డ్రోన్ ఇప్పటికిప్పుడు ఆగిపోతే ఎక్కడ పడుతుంది? ఆ చోట మనిషి ఉండకూడదు.

నాలుగు మోటార్ల డ్రోన్‌కి విమానంలా జారుకుంటూ దిగే వీలు లేదు. ఒక్క మోటారు ఆగినా, ఒక రెక్క విరిగినా చాలావరకు పల్టీలు కొడుతూ పడిపోతుంది. 30 మీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువు సుమారు రెండున్నర సెకన్లలో నేలను తాకుతుంది. గాలి కొంత అడ్డుకున్నా, ఆ వేగం గంటకు 80 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. పైగా డ్రోన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్తూ ఆగిపోతే నిట్టనిలువుగా పడదు, ఇంకో పాతిక మీటర్ల దాకా ముందుకెళ్లి పడొచ్చు. అందుకే "నేను వాళ్ల నెత్తిమీద ఎగరేయడం లేదు కదా, పక్కనే కదా" అనుకోవడం సరిపోదు. ఎంత ఎత్తులో ఎగరేస్తున్నారో, నేల మీద కొలిస్తే మనుషులకు కనీసం అంత దూరంలో ఉంచండి. వేగంగా వెళ్తుంటే, గాలి వాళ్లవైపు వీస్తుంటే ఇంకా పెంచండి.

2015 డిసెంబర్‌లో ఇటలీలో జరిగిన స్కీయింగ్ పోటీలో చిత్రీకరణ కోసం ఎగరేసిన డ్రోన్, పోటీలో ఉన్న మార్సెల్ హిర్షర్ వెనకాలే మంచులో కూలింది. వెంట్రుకవాసిలో తప్పింది. అంత పెద్ద పోటీలోనే అలా జరిగిందంటే పార్కులో మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. యూరోపియన్ యూనియన్‌లో 250 గ్రాముల లోపు డ్రోన్లు విడిగా ఉన్న మనుషుల మీదుగా వెళ్లొచ్చు గానీ, గుంపు మీదుగా మాత్రం ఏ చిన్న డ్రోన్ కూడా వెళ్లకూడదు. గుంపంటే ఇంతమంది అని లెక్క లేదు. పైనుంచి ఏదైనా పడితే పక్కకు తప్పుకోలేనంత ఒత్తుగా జనం ఉంటే అది గుంపే. ఈ కొలమానం ఏ దేశంలో ఉన్నవాళ్లకైనా పనికొస్తుంది. అమెరికాలో సరదాకి ఎగరేసేవాళ్లు ముందు ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష పాసవ్వాలి. భారత్‌లో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్‌లో మీరున్న చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. వీటికితోడు పార్కు యాజమాన్యానికి సొంత నిషేధం ఉండొచ్చు. అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచీ డ్రోన్ ఎగరేయనివ్వడం లేదు. గేటు దగ్గర బోర్డు కనబడకపోతే అనుమతి ఉందని అనుకోకండి, ఆఫీసులో అడగండి.

"మాది 250 గ్రాముల లోపుదే, మాకేం టెన్షన్" అనేవాళ్లు తూకం వేసి చూసుకోవాలి. పెద్ద బ్యాటరీ వేసినా, రెక్కల చుట్టూ గార్డులు బిగించినా బరువు హద్దు దాటిపోవచ్చు. గార్డులు మాత్రం వద్దనుకోకండి. తిరుగుతున్న రెక్క వేళ్లను లోతుగా కోస్తుంది, కంటికి తగిలితే చూపు పోవచ్చు.

చాలామంది పట్టించుకోనిది రిటర్న్ టు హోమ్. సిగ్నల్ తెగినా, బ్యాటరీ బాగా తగ్గినా చాలా డ్రోన్లు ముందే పెట్టిన ఎత్తుకు లేచి, బయల్దేరిన చోటికి తిన్నగా వచ్చేస్తాయి. దారిలో పిల్లల ఆటస్థలం ఉందా, నడకబాట ఉందా అన్నది దానికి తెలియదు. కాబట్టి టేకాఫ్ చోటు ఎంచుకునేటప్పుడే మీకూ, డ్రోన్ తిరగబోయే ప్రాంతానికీ మధ్య ఖాళీ నేల మాత్రమే ఉండేలా చూడండి. జీపీఎస్ కుదిరి, హోమ్ పాయింట్ (తిరిగి రావాల్సిన చోటు) నమోదయ్యాకే పైకి లేపండి. తిరిగొచ్చే ఎత్తు చుట్టుపక్కల ఉన్న అతి పెద్ద చెట్టుకన్నా ఎక్కువుండాలి, అక్కడి ఎత్తు పరిమితి దాటకూడదు.

రెక్కల్లో చిన్న పగులు కనబడినా మార్చేయండి. ఉబ్బిన బ్యాటరీ వాడొద్దు. జనం పల్చగా ఉండే పొద్దున్న వేళ వెళ్తే సగం బెంగ తగ్గుతుంది. తోడుగా ఒకరుంటే మరీ మంచిది. మీరు స్క్రీన్ చూసే క్షణంలో వాళ్లు ఆకాశాన్నీ నేలనూ చూస్తారు.

ఎగురుతుండగా ఎవరైనా డ్రోన్ కిందికి నడిచొస్తే కంగారుపడి అక్కడే దించకండి. ఖాళీగా ఉన్న వైపు పక్కకు జరిపి, వాళ్లు వెళ్లేదాకా ఆగండి. దిగేటప్పుడు పిల్లలు, కుక్కలు దాని దగ్గరికి పరిగెత్తుకొస్తాయి. రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి. చేత్తో పట్టుకునే ప్రయత్నమూ వద్దు. గాల్లోనే మోటార్లు ఆపేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటే చదివిపెట్టుకోండి. డ్రోన్ రాయిలా పడిపోతుంది కాబట్టి, మనిషికి తగలడం ఇక తప్పదన్నప్పుడే దాన్ని వాడాలి.

ఒకవేళ ఎవరికైనా తగిలితే ముందు ఆ మనిషిని చూడండి, డ్రోన్ సంగతి తర్వాత. తలకో కంటికో తగిలితే పైకి గాయం కనబడకపోయినా వెంటనే వైద్యుడికి చూపించాలి. కూలిన డ్రోన్ బ్యాటరీ నొక్కుకుపోయి ఉంటే కాసేపటి తర్వాత కూడా మంటలు రావచ్చు. ఎండుగడ్డికి దూరంగా, మట్టి మీదో కాంక్రీటు మీదో పెట్టి, దగ్గరికి ఎవరూ రాకుండా చూడండి. దాన్ని మళ్లీ ఛార్జింగ్‌కి పెట్టొద్దు.