పెట్టెలో వచ్చిన కోరల్: బడలికా, జబ్బా?

మా నాన్న భీమవరం దగ్గర ముప్పై ఏళ్ళు రొయ్యల చెరువులు చేశారు. పోయిన జనవరిలో ఆయన డాలస్‌లో మా ఇంట్లో ఉండగా, పొద్దున్న పదిన్నరకి గుమ్మంలో ఒక థర్మోకోల్ పెట్టె దిగింది. ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంకులో పెంచుకోవడానికి నేను తెప్పించిన బతికున్న కోరల్స్, అంటే పగడాలు, ఉన్న పెట్టె అది. ముందురోజే రావాల్సింది. నేను కంగారుగా కత్తెర తెచ్చి కవరు మూతి కొయ్యబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏరా, సీడ్ బ్యాగు అయితే అలాగే కోసేస్తావా? నీళ్ళు ఎలా ఉన్నాయో చూడవా ముందు?"

ఆయనకి కోరల్స్ గురించి ఏమీ తెలీదు. అమ్మకైతే పగడం అంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్ర రాయి, అంతే. కానీ హ్యాచరీ నుంచి ఆక్సిజన్ బ్యాగుల్లో వచ్చిన రొయ్య పిల్లని చెరువులో దింపడం నాన్న జీవితమంతా చేసిన పని. చూడబోతే రెండూ ఒకే విద్య. ఆ రోజు వచ్చినవి మూడు: మూడు తలల టార్చ్ కోరల్ ఒకటి, బొత్తాల గుంపులా ఉండే జోయాంతిడ్స్ ముక్క ఒకటి, చిటికెన వేలంత అక్రోపోరా అనే కొమ్మల కోరల్ ఒకటి. వాటిలో ఏది బతికింది, ఏది పోయింది, నేను ఎక్కడ తప్పు చేశాను అన్నది చెప్తూ పద్ధతి రాస్తాను.

అంతకంటే ముందు ఒక మాట. ఇండియాలో ఉన్నవాళ్ళు దీన్ని చదివి కోరల్స్ కొనడానికి బయల్దేరకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో గట్టి కోరల్స్ అన్నీ ఉన్నాయి. ఎవరైనా గుట్టుగా అమ్ముతామన్నా వద్దు, ఇంట్లో పెట్టుకోవడమే నేరం. ఇది అమెరికాలోనో, అమ్మకం చట్టబద్ధమైన ఇంకో దేశంలోనో ఉంటున్న మనవాళ్ళ కోసం.

పెట్టె రాకముందే, చేపలున్న పెద్ద ట్యాంకు కాకుండా, కొత్తగా వచ్చినవాటిని విడిగా ఉంచే ఒక చిన్న క్వారంటైన్ ట్యాంకు నడుస్తూ ఉండాలి. పది గ్యాలన్లది చాలు. చేపలు ఉండకూడదు. మా ఊరి కుళాయి నీళ్ళలో క్లోరమైన్ కలుపుతారు కాబట్టి ఆర్‌వో డీఐ ఫిల్టర్‌తో పూర్తిగా శుద్ధి చేసిన నీళ్ళలోనే ఉప్పు కలుపుతాను. సాలినిటీ, అంటే ఉప్పదనం, సాంద్రత లెక్కలో 1.026, వేడి 78 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 25.5 సెల్సియస్. ఆల్కలినిటీ, అంటే నీళ్ళ క్షార గుణం, 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలత) మధ్య కదలకుండా ఉండాలి. నైట్రేట్, ఫాస్ఫేట్ కొద్దిగా ఉండాలి. సున్నా చేస్తే శుభ్రం అనుకుంటారు కొందరు, సున్నాలో కోరల్ ఆకలితో మాడుతుంది.

పెట్టె తెరిచేటప్పుడు గదిలో లైటు తగ్గించండి. రోజంతా చీకట్లో ఉండి వచ్చిన ప్రాణి అది. కవర్లు విప్పకముందే ఫోటోలు తీయండి. చచ్చి వచ్చిన వాటికి డబ్బులు వెనక్కి కావాలంటే డెలివరీ అయిన కొద్ది గంటల్లోనే ఫోటోలు పంపాలని చాలామంది అమ్మేవాళ్ళు షరతు పెడతారు. ఆ తర్వాత కవరు మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ రోజు మా పెట్టెలోని హీట్ ప్యాక్ ఎప్పుడో చల్లారిపోయింది, నీళ్ళు 64 ఫారెన్‌హీట్. అలాంటప్పుడు మూతి విప్పకుండా కవర్లని ట్యాంకులో తేలనివ్వాలి. మామూలుగా పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. అంత చల్లగా వస్తే నేను నలభై నిమిషాలు ఉంచుతాను.

ఇక వాసన. మూతి విప్పగానే ముక్కు పెట్టి చూడండి. సముద్రం వాసనైతే ఫరవాలేదు. కుళ్ళిన గుడ్డు కంపు, చచ్చిన రొయ్య కంపు వస్తే లోపల కండ కరుగుతోందని అర్థం. అప్పుడు చుక్క చుక్కగా నీళ్ళు కలిపే డ్రిప్ పద్ధతి పెట్టుకోకండి. మూసిన కవర్లో బొగ్గుపులుసు వాయువు చేరి పీహెచ్ పడిపోతుంది. ఆ తక్కువ పీహెచ్‌లో అమ్మోనియా విషం అంతగా ఎక్కదు. మూతి విప్పితే వాయువు పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా కాటేస్తుంది. నేను ఇది చెప్తుంటే నాన్న నవ్వారు. "మధ్యాహ్నం చెరువులో పీహెచ్ లేచినప్పుడు జరిగేది అదేగా." కాబట్టి వేడి కుదిరాక, ఆ నీళ్ళు పారబోసి, కోరల్‌ని శుభ్రమైన నీళ్ళలోకి మార్చేయడమే. కంపు లేకుండా, సాలినిటీ మాత్రం బాగా తేడాగా ఉంటే అరగంట డ్రిప్ ఇవ్వండి, అంతకు మించొద్దు.

ఎత్తేటప్పుడు అడుగునున్న ఎముకనో, అంటే కండ కింది సున్నపు గట్టి భాగాన్నో, ప్లగ్‌నో, అంటే కోరల్‌ని అంటించిన చిన్న బిళ్ళనో పట్టుకోండి, కండని ముట్టుకోవద్దు. టార్చ్, హ్యామర్, గోనియోపోరా లాంటి కండ ఎక్కువున్నవాటిని ఉబ్బి ఉన్నప్పుడు గాల్లోకి ఎత్తితే వాటి బరువుకి అవే చిరుగుతాయి. ముడుచుకునే దాకా ఆగండి.

తర్వాతి పని డిప్, అంటే మందు నీళ్ళలో ముంచి తీయడం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చూసినవాళ్ళలో సగం మంది ముంచి తీసేసి అయిపోయిందనుకుంటారు. రెండు తెల్లటి పెరుగు డబ్బాలు తీసుకోండి. తెలుపే ఎందుకంటే కింద రాలినవి కనపడాలి. రెండింట్లోనూ ట్యాంకు నీళ్ళే పోయండి. ఒకదాంట్లో మందు కలపండి, రెండోది కడగడానికి. అయోడిన్ మందులున్నాయి, కోరల్ ఆర్‌ఎక్స్, రివైవ్ లాంటివి ఉన్నాయి. మోతాదు, టైము సీసా మీద ఉన్నదే, సొంత తెలివి వద్దు. థాంక్స్‌గివింగ్‌కి కొని మూల పడేసిన టర్కీ బాస్టర్ ఉంటుంది కదా, ఆ రబ్బరు బుడ్డి గొట్టం, దాంతో కొమ్మల సందుల్లోకి నీళ్ళు కొడుతూ ఉండాలి. ఆ రోజు అక్రోపోరా మీద మూడోసారి కొట్టగానే డబ్బా అడుక్కి నూకగింజంత పల్చటి ముక్కలు రెండు రాలాయి. నాన్న కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. అందులో ఒకటి అంచులు ముడుచుకుంటూ మెల్లగా జరిగింది. అక్రోపోరాని తినే చదునుపురుగులు అవి. కోరల్ మీద ఉన్నప్పుడు దాని రంగులోనే కలిసిపోతాయి, మామూలుగా చూస్తే పట్టుకోలేరు.

పురుగు రాలింది కదా అని సంబరపడకండి, గుడ్లు ఏ డిప్‌కీ చావవు. కండ లేని మొదలు దగ్గర గోధుమరంగు చుక్కల గుంపులా అతుక్కుని ఉంటాయి. గీకి తీసేయాలి. ఇంకా మంచిది, ఆ ప్లగ్‌ని పూర్తిగా విరిచి పారేసి, కొత్త ప్లగ్ మీద సూపర్ గ్లూ జెల్‌తో అంటించడం. ఆ తర్వాత కూడా వారానికోసారి, ఐదారు వారాలు డిప్ చేస్తూనే ఉండాలి, పొదిగిన పిల్లలు గుడ్లు పెట్టే వయసుకి రాకముందే దొరికేలా.

మరీ వాడిపోయి, కండ వేలాడుతూ వచ్చినదానికి మాత్రం నేను మొదటి రోజు మందు పెట్టను. రెండు నీళ్ళలో కడిగి క్వారంటైన్‌లో వదిలేసి, మూడో రోజు చేస్తాను. దీన్ని ఒప్పుకోనివాళ్ళున్నారు. క్వారంటైన్ ట్యాంకు లేనివాళ్ళకి ఆ వెసులుబాటు కూడా లేదు.

జోయాంతిడ్స్, వాటి దగ్గరి చుట్టం పాలిథోవా పట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళలో మరగబెట్టడం, మైక్రోవేవ్‌లో పెట్టడం, ఎండాక బ్రష్‌తో రుద్దడం ఎప్పుడూ చేయొద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి. కంట్లో చిమ్మినా, ఊపిరి బిగపట్టినట్టున్నా ఎమర్జెన్సీకి వెళ్ళి పాలిటాక్సిన్ అనే పేరు చెప్పండి. డాక్టర్లకి రోజూ తగిలే కేసు కాదిది.

డిప్ అయ్యాక ట్యాంకు అడుగున, నీడగా ఉన్న చోట పెట్టండి. ఎల్ఈడీ మూడో వంతుకి తగ్గించి, మూడు వారాల్లో మెల్లగా పెంచండి. కండ అటూ ఇటూ ఊగేంత ప్రవాహం ఉండాలి, పంపు సూటిగా కొట్టకూడదు. పెట్టాక ఇక ముట్టుకోకండి. కష్టమైన పని ఇదే. విప్పుకోలేదని ఈ మూల నుంచి ఆ మూలకి మార్చడం, ఆల్కలినిటీ పెంచడం, తిండి పెట్టడం, సాయంత్రం ఇంకో డిప్... రోగి మంచాన్ని గంటకోసారి గది మార్చినట్టు. మొదటి రెండు మూడు రోజులు తిండి కూడా వద్దు.

ఆ రోజుల్లో కనిపించే చాలా వాటికి టెన్షన్ పడక్కర్లేదు. జిగురు కారుతుంది. టార్చ్ నోట్లోంచి గోధుమరంగు దారాలు వస్తాయి, కండ లోపల బతికే, దానికి రంగునిచ్చే నాచుని కొంత బయటికి తోస్తోందంతే. జోయాంతిడ్స్ వారం దాకా మూసుకునే ఉండొచ్చు. లెదర్ కోరల్ మైనం పొరలాంటి చర్మం వదులుతుంది, దాన్ని చచ్చిపోయిందని పారేసినవాళ్ళు నాకు తెలుసు.

మరి జబ్బుని ఎలా గుర్తుపట్టాలి? నేను చూసేది అంచు. బడలికలో కండ ముడుచుకుంటుంది, కానీ ఎముకని పట్టుకునే ఉంటుంది, అన్ని వైపులా ఒకేలా ఉంటుంది, పూట పూటకీ కాస్త తేరుకుంటుంది. జబ్బులో ఒక చోట కండ ఎముకని వదిలేస్తుంది. అక్కడ సున్నం లాంటి తెల్లటి గీత పడుతుంది, ఆ గీత జరుగుతుంది. జరుగుతోందా లేదా అన్నది కంటికి తెలీదు. పొద్దున్న, సాయంత్రం ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. పక్కన చిన్న ప్లాస్టిక్ స్కేలు ఒకటి నిలబెడితే ఇంకా మంచిది.

నాలుగో రోజు పొద్దున్న మా టార్చ్‌లో ఒక తల మీద చిక్కటి చింతపండు గుజ్జు లాంటిది వేలాడుతోంది. బ్రౌన్ జెల్లీ. కరిగిన కండ, దాన్ని తినే సూక్ష్మజీవులు కలిసిన ముద్ద అది. పక్క తలకి తగిలితే దాన్నీ తినేస్తుంది. నాకు తొమ్మిదింటికి మీటింగ్ ఉంది. సాయంత్రం చూద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికి రెండో తల కూడా పోయింది. బడలికైతే చేతులు కట్టుకుని కూర్చోవాలి, ఇదైతే మీటింగ్ మానేయాలి.

చేయాల్సింది ఇది. ముందు పంపులన్నీ ఆపేయండి, జెల్లీ ట్యాంకంతా పాకకుండా. నీళ్ళలోనే డబ్బాని కోరల్ కిందకి పోనిచ్చి, డబ్బాతో సహా బయటికి తీయండి. సన్న పైపుతో జెల్లీని లాగేసి, ఆ నీళ్ళు సింకులో పోసేయండి. టార్చ్‌లో ఒక్కో తలకి ఒక్కో కాడ ఉంటుంది కాబట్టి, జబ్బు తలని కాడ దగ్గర, కండకి బాగా కిందుగా, బోన్ కట్టర్‌తో కత్తిరించండి. కటుక్కున విరిగేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, అయినా జాలి పడకండి. మిగిలినదాన్ని అయోడిన్ నీళ్ళలో ముంచి, కడిగి, ఇంతకుముందు కన్నా కాస్త ఎక్కువ ప్రవాహం ఉన్న చోట పెట్టండి. వాడిన పనిముట్లు కడగకుండా పెద్ద ట్యాంకులో ముంచొద్దు. నాకు మూడు తలల్లో ఒకటి దక్కింది.

అక్రోపోరాది ఇంకో రకం చావు. ఉడికించిన బంగాళాదుంప తొక్కలా కండ ఊడి వచ్చేస్తుంది, కొన్ని గంటల్లో కొమ్మంతా తెల్లబడుతుంది. అది మొదలయ్యాక డిప్‌లతో ఆగడం నేను చూడలేదు. తెల్ల గీతకి సెంటీమీటరు పైన, బాగున్న కండలోకి కోసి, కొసలు వేరే ప్లగ్ మీద అంటించడం ఒక్కటే దారి. మాది ఏడో రోజు రాత్రి మొదలైంది, తెల్లారేసరికి కోయడానికి కొస కూడా మిగల్లేదు.

ఈ మాట వస్తే ఎవరో ఒకరు యాంటీబయాటిక్ గురించి అడుగుతారు. ఫ్లోరిడాలో 2014లో మయామీ దగ్గర కనపడిన కండ ఊడిపోయే జబ్బుకి, డైవర్లు సముద్రంలోనే గాయం అంచున అమాక్సిసిలిన్ కలిపిన పేస్టు రాస్తున్న మాట నిజమే. అది గాయం మీద రాసేది. మన ట్యాంకులో గుళికలు విప్పి పోస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాకి కూడా దెబ్బ తగులుతుంది, అమ్మోనియా లేస్తుంది. చెరువుల్లో యాంటీబయాటిక్స్ వాడితే ఎగుమతి సరుకు ఎలా వెనక్కొస్తుందో చూసినవాడి కొడుకుని, నేనైతే ఆ జోలికి పోను.

తెల్లబడినవన్నీ చచ్చినవి కావు. పక్క నుంచి టార్చిలైటు వేసి చూడండి. ఎముక మీద గాజులాంటి కండ ఉండి, రాత్రి నోళ్ళు తెరుస్తుంటే అది బతికే ఉంది, లోపలి నాచు మాత్రం పోయింది. తక్కువ వెలుతురు, వారానికి రెండుసార్లు సన్నగా నూరిన మైసిస్, అంటే మేతగా వాడే చిట్టి రొయ్యలు. వారాలో నెలలో పడుతుంది రంగు రావడానికి. కండే లేకపోతే కొద్దిరోజుల్లోనే ఆ ఎముక మీద పచ్చటి పాచి పడుతుంది.

బాగానే ఉందనిపించినా పెద్ద ట్యాంకులోకి తొందరగా మార్చకండి. చేపల తెల్లమచ్చ జబ్బు తిత్తులు ప్లగ్‌కి అంటుకుని రావచ్చు. చేప దొరక్క ఆ క్రిమి చచ్చేలా, చేపలు లేని చోట కొందరు 45 రోజులు, ఓపికున్నవాళ్ళు 76 రోజులు ఉంచుతారు.

మా జోయాంతిడ్స్ ఆరో రోజు విప్పుకున్నాయి. మిగిలిన ఆ ఒక్క టార్చ్ తలకి మే నెలలో మధ్యలో నొక్కుపడి రెండు నోళ్ళు వచ్చాయి. భీమవరం నుంచి వీడియో కాల్‌లో నాన్న అడిగారు, "ఏరా, కౌంట్ ఎంత?"

"రెండు నాన్నా."

"మేత తగ్గించకు," అన్నారు.